ఫాస్ట్ దగ్గర ఆగిపోయిన మాస్టారు

ఇంగ్లీషు మాటల మీద పరాంకుశానికి కోపం రావడం కొత్త కాదు. పాతికేళ్ళుగా వాటితోనే కాపురం. కాపురమన్నాక కోపతాపాలు తప్పవు. కానీ ఒకే ఒక్క మాట మీద నెల రోజులు కోపం నిలవడం మాత్రం ఇదే మొదలు.

పోనీ అదేమైనా నోరు తిరగని మాటా అంటే అదీ కాదు. పాలవాడి దగ్గర్నుంచి పెళ్ళి పురోహితుడి దాకా అందరి నోళ్ళలోనూ నానే మాటే. ఫాస్ట్.

పరాంకుశం బందరులో ఒక కాలేజీలో ఇంగ్లీషు చెప్పేవాడు. మనం రోజూ వాడే ఇంగ్లీషు మాటలు ఎక్కడ పుట్టాయో, ఎన్ని మలుపులు తిరిగి మన దాకా వచ్చాయో తెలుగులో ఒక పుస్తకం రాస్తున్నాడు. మూడొందల పన్నెండు మాటలు పూర్తయ్యాయి. ప్రెస్సువాడు మొదటి ఫారాలు అచ్చు వేసేశాడు కూడా. ఈ మాట దగ్గరికొచ్చేసరికి బండి చక్రం బురదలో దిగిపోయింది.

పొద్దున లేస్తే అదే మాట చెవిన పడుతుంది. "ఫాస్ట్‌గా తెమలండి, ఇడ్లీ చల్లారిపోతోంది" అంటుంది భార్య అలివేలు. అక్కడ ఫాస్ట్ అంటే వేగం. "రేపు ఫాస్టింగ్‌లో వచ్చి రక్తం ఇవ్వండి" అంటుంది ల్యాబులో ఆవిడ. అక్కడ ఫాస్ట్ అంటే పస్తు. ఫాస్టూ పస్తూ చెవికి అన్నదమ్ముల్లా వినిపించి మరింత చికాకు పెడతాయి. "ఫాస్ట్ కలర్ సార్, చిరిగేదాకా వెలవదు" అంటాడు బట్టల కొట్టువాడు. అక్కడ ఫాస్ట్ అంటే కదలనిది.

కదలనిదీ ఫాస్టే. ఆగకుండా కదిలేదీ ఫాస్టే. ఇదేం భాష?

పుట్టుక దొరక్క కాదు అతని కోపం. పుట్టుక దొరికింది. వెయ్యేళ్ళ కిందటి ఇంగ్లీషులో ఆ మాటకు అర్థం గట్టి. ఊడకుండా, జారకుండా, వదలకుండా ఉండేది. గుడ్డను గట్టిగా పట్టుకుని ఉండే రంగు ఫాస్ట్ కలర్. సరే. నియమాన్ని గట్టిగా పట్టుకుని ఉండటం ఫాస్ట్. ఆ నియమంలో తిండి మానడం ముఖ్యం గనక చివరికి తిండి మానడమే ఫాస్ట్ అయింది. అదీ సరే. మరి గట్టి అనే మాట వేగం ఎలా అయింది?

పెద్ద పెద్ద పుస్తకాలన్నీ ఆ ఒక్క చోట 'క్రమంగా ఆ అర్థం వచ్చింది' అని దాటేస్తాయి. ఆ 'క్రమంగా' చూస్తేనే పరాంకుశానికి ఒళ్ళు మండేది. "క్రమంగా అంటే ఏమిటయ్యా? రాయి క్రమంగా గుర్రమైందా?" అని గోడకేసి అరిచేవాడు. గట్టిగా అంటే బలంగా, బలంగా అంటే జోరుగా అని ఒక వాక్యం రాసి చూశాడు. కాగితం మీద బాగానే ఉంది. మనసు ఒప్పుకోలేదు. కొట్టేశాడు. అలా కొట్టేసిన కాగితాలు బుట్ట నిండాయి.

ఆ చికాకుకి తోడు ఇంకో చికాకు ఉంది. దాని పేరు జమాలుద్దీన్ ఉస్తాద్.

ఉస్తాద్‌కి డెబ్బై ఎనిమిదేళ్ళు. బందరుకు ఆరు మైళ్ళ ఎగువన కాలవ ఒడ్డున ఆయన అద్దకం షెడ్డు ఉంది. చెక్క అచ్చులతో నూలుగుడ్డ మీద పూలూ లతలూ అద్ది, వేళ్ళూ ఆకులూ ఉడకబెట్టి వాటికి రంగు పట్టిస్తాడు. ఆ పని ఆయనకు తాతల నాటిది. సూఫీ దారి కూడా తాతల నాటిదే. ప్రతి గురువారం ఉపవాసం ఉంటాడు. ఆ రోజు చుట్టుపక్కల జనం, వాళ్ళూ వీళ్ళూ అని లేదు, కష్టం చెప్పుకోవడానికి వస్తారు. ఆయన పెద్దగా ఏమీ చెప్పడు. వింటాడు. వెళ్ళేటప్పుడు మాత్రం వాళ్ళ మొహాలు కడిగినట్టుంటాయి.

మూడేళ్ళ కిందట అద్దకం మాటలు ఏరుకుందామని వచ్చిన పరాంకుశం ఆ మొహాలు చూసి ఆగిపోయాడు. అప్పటికే అతను పదకొండు రోజుల యోగా శిబిరం, నాలుగు నెలల గీతా తరగతి, బెజవాడలో ఒక స్వామీజీ, ఊపిరి మీద ధ్యాస పెట్టే పద్ధతి ఒకటి, అన్నీ చూసి వదిలేశాడు. "మీరు దేన్నీ పట్టుకోరు, అన్నిట్నీ ముట్టుకుంటారు" అనేది అలివేలు.

"నన్ను శిష్యుడిగా చేర్చుకోండి. ఉపదేశం ఇవ్వండి" అని అడిగాడు ఉస్తాద్‌ని.

"చూద్దాం. ముందు ఆ తొట్టిలో నీళ్ళు నింపు."

ఆ చూద్దాం మూడేళ్ళయింది. గురువారం గురువారం వచ్చి పరాంకుశం నీళ్ళు తోడాడు. కరక్కాయలు దంచాడు. తడిగుడ్డలు ఇసుక మీద పరిచాడు. ఉపదేశం మాటెత్తితే మళ్ళీ చూద్దాం. పోయిన వారం ఏకంగా గేదెపాలు తెమ్మని పంపించాడు, గుడ్డ నానేయడానికి.

అందుకే ఆ గురువారం పొద్దున్నే పరాంకుశం తేల్చేసుకున్నాడు. ఇవాళ వెళ్ళి దణ్ణం పెట్టి, ఇక సెలవు అని చెప్పి వచ్చేయాలి. మర్యాదగా, రెండు ముక్కల్లో.

"తినకుండా బయల్దేరారేం?" అంది అలివేలు.

"వచ్చి తింటాను. పదింటి బస్సుకి తిరిగొచ్చేస్తా."

షెడ్డులో ఆ రోజు హడావుడిగా ఉంది. ఐదు రోజుల్లో దర్గాలో ఉరుసు. ఏటేటా అక్కడ ప్రసాదం పంచే చోట పైన కట్టే చాందినీ పాతబడి చిరిగిపోతే, కొత్తది ఉస్తాదే చేసిస్తానన్నాడు. ఇరవై గజాల గుడ్డ. దాని మీద అచ్చులు వేసింది ఖాసింబీ. అరవై ఏళ్ళ మనిషి, ఆ షెడ్డులో ఆమె చెయ్యంత నిలకడైన చెయ్యి ఇంకొకటి లేదు. నలభై రోజులు వంగిన నడుం ఎత్తకుండా అద్దింది. చుట్టూ మామిడి పిందెల అంచు, మధ్యలో తీగలు అల్లుకున్న పూలు. ఇక మిగిలింది రంగులో ఉడకడం, కాలవలో జాడించడం.

ఉస్తాద్ పెద్ద రాగి కాగు ముందు కూర్చుని ఉన్నాడు. ఎర్రరంగునిచ్చే మంజిష్ఠ వేళ్ళు వేసిన నీళ్ళలో చాందినీ మునిగి ఉంది.

"ఉస్తాద్, మీతో ఒక మాట చెప్పాలి" అన్నాడు పరాంకుశం.

"చెప్పు."

చెప్పాలనుకున్న రెండు ముక్కల బదులు నెల రోజులుగా నోట్లో నలుగుతున్నది బయటికి వచ్చింది. ఫాస్ట్ గురించి చెప్పడం మొదలుపెట్టాడు. వెయ్యేళ్ళు వెనక్కి వెళ్ళాడు. గట్టి దగ్గర్నుంచి రంగుకి వచ్చాడు, రంగు నుంచి ఉపవాసానికి, అక్కణ్ణుంచి వేగానికి వచ్చి ఎప్పటిలాగే కూలబడ్డాడు.

ఉస్తాద్ కర్రతో గుడ్డను ఒకసారి తిప్పాడు. "మా దగ్గరా ఆ మాట ఉంది. పాష్టు అంటాం. రంగు పట్టిందా లేదా అని."

"అదే కదండీ నేను చెప్పేది."

"అయితే తెలిసిందేగా."

"తెలిస్తే నెల రోజుల్నుంచి నిద్ర లేకుండా ఎందుకు చస్తాను!"

గొంతు ఎంత లేచిందంటే, అచ్చులు వేస్తున్న ఆడవాళ్ళు చేతులాపి చూశారు. పరాంకుశం తగ్గాడు.

"అసలు చెప్పవలసింది అది కాదు. మూడేళ్ళుగా నేను..."

ఉస్తాద్ లేచి కర్ర అతని చేతికిచ్చాడు. "ఇది తిప్పుతూ ఉండు. ఉడకడం అయ్యాక చెబుదువు." అని బయట వచ్చిన జనం దగ్గరికి వెళ్ళిపోయాడు.

పదింటి బస్సు రోడ్డు మీద హారన్ కొట్టుకుంటూ పోయింది.

పరాంకుశం గుడ్డ తిప్పాడు. పన్నెండింటి బస్సు పోయింది. ఇలాగైతే తెల్లారినట్టే అని పొయ్యిలోకి రెండు దుంగలు ఎగదోశాడు. మంట లేచింది. ఉస్తాద్ వచ్చి ఆ రెండు దుంగలూ వెనక్కి లాగి వెళ్ళాడు. కాసేపటికి పరాంకుశం మళ్ళీ ఎగదోశాడు. ఆయన మళ్ళీ వచ్చి లాగాడు. కోప్పడలేదు. కోప్పడినా బాగుండేది.

"మంట ఎక్కువైతే రంగు పైపైనే కూచుంటది మాస్టారూ" అంది ఖాసింబీ. "దారంలోకి దిగాలంటే నిదానంగా ఉడకాల." మధ్యాహ్నం ఆమె తన రొట్టెలో సగం తుంచి ఇవ్వబోయింది. "రండి, కాస్త ఎంగిలి పడండి."

"నాకొద్దమ్మా."

ఆకలి దహించుకుపోతోంది. అయినా ఆ షెడ్డులో ఇక గుక్కెడు నీళ్ళు కూడా ముట్టకూడదన్నంత కోపం. రెండింటి బస్సు కూడా పోయింది.

మూడు దాటాక ఉస్తాద్ గుడ్డ అంచు పైకెత్తి, వెలుతురుకి పెట్టి చూసి, చాలన్నాడు. కాస్త చల్లారనిచ్చి అందరూ పట్టి గుడ్డను కాలవ మెట్ల దాకా మోశారు.

"ఇప్పుడు చెప్పొచ్చా?" అన్నాడు పరాంకుశం.

"జాడించి రా. ఖాసింబీ ఒక్కతే పట్టలేదు."

పరాంకుశం ప్యాంటు మోకాళ్ళ పైకి మడుచుకుని నీళ్ళలోకి దిగాడు.

గుడ్డ జాడించడమంటే మరీ పెద్ద విద్యేం కాదు. ఒక కొస ఇద్దరు చెరో మూలా పట్టుకుని నిలబడితే, మిగతా గుడ్డంతా ప్రవాహంతోపాటు కిందికి సాగి తేలుతుంది. పారే నీరే పట్టని రంగును కడుక్కుని తీసుకుపోతుంది. పట్టుకున్నవాళ్ళు అప్పుడప్పుడు విదిలిస్తే చాలు.

"మూల కిందకి దింపండి మాస్టారూ. అంత బిగదియ్యమాకండి. అట్టా వదులు చెయ్యమాకండి. ఇటు చూడండి, ఇటు."

"చూస్తూనే ఉన్నానమ్మా."

చూడటం లేదు. మనసులో ఉస్తాద్‌తో తగాదా నడుస్తోంది. మూడేళ్ళు, ఉస్తాద్. పీహెచ్‌డీకి కూడా ఇంత కాలం పట్టలేదు నాకు. నేను అడిగిందేమిటి, మీరు చేయించిందేమిటి? నేను నీళ్ళు మోయడానికి వచ్చానా?

పైన లాకుల దగ్గర ఎవరో ఇనుప కమ్మీ మీద సుత్తితో మూడు దెబ్బలు కొట్టారు. నీళ్ళు వదులుతున్నప్పుడల్లా అలా కొడతారు. దిగువన ఉన్నవాళ్ళు గట్టెక్కాలని.

"మాస్టారూ! లాకులెత్తుతున్నారు. గుడ్డ మడవండి!"

ఆమె మళ్ళీ ఏదో సణుగుతోందనుకున్నాడు. "ఒక్క నిమిషం ఆగమ్మా" అన్నాడు విసుగ్గా.

నీరు ఆగలేదు.

మొదట మోకాళ్ళ దగ్గర చల్లగా తగిలింది. మరుక్షణం నడుం దాకా లేచింది. అప్పటిదాకా పడుకున్నట్టున్న గుడ్డ ఒక్క కుదుపుతో బిగిసింది. ఖాసింబీ కాలు మెట్టు మీద జారింది. పడుతూ పడుతూ ఆమె తన మూల వదిలేసి రాతిని పట్టుకుంది. ఇరవై గజాల చాందినీ మొత్తం పరాంకుశం చేతి మీద వేలాడింది.

అతను కాళ్ళు తన్నిపెట్టి వెనక్కి లాగాడు. గుప్పిట పక్కన పటుక్కుమని శబ్దమైంది.

"లాగమాకండి, చిరిగిద్ది!" ఖాసింబీ మెట్ల మీంచి కేక పెట్టింది.

పట్టు కాస్త సడలించాడు. గుడ్డ వేళ్ళ మధ్య నుంచి చేపలా జారింది.

"వదలమాకండి, పోద్ది!"

"లాగొద్దంటావు, వదలొద్దంటావు! మరేం చెయ్యమంటావే తల్లీ!"

ఆమె జవాబు చెప్పేలోపు కాళ్ళే జవాబు చెప్పాయి. పరాంకుశం గుడ్డ కొసని కుడి గుప్పిటకు రెండు చుట్లు చుట్టాడు. ఎడమ చేత్తో గడ్డి పరకలు దొరకబుచ్చుకుని గట్టెక్కాడు. గుడ్డ ఎటు లాగితే అటు, గట్టు వెంబడి నడిచాడు. నడక చాలలేదు. గుడ్డ బిగిసింది, మళ్ళీ పటుక్కుమంది. పరుగెత్తాడు.

యాభై రెండేళ్ళ మనిషి. రెండో అంతస్తులో క్లాసుంటే మధ్య మెట్టు మీద ఆగి ఆయాసం తీర్చుకునే మనిషి. ఒక చెప్పు తుమ్మచెట్టు దగ్గర పోయింది. రెండోది ఎక్కడ పోయిందో చూసుకోలేదు. ముళ్ళు ఉన్నాయి. పేడకుప్ప ఉంది. గట్టు తెగిన చోట పిల్లకాలవ అడ్డొస్తే దూకాడు, దూకగలనని తెలియకుండానే. నీళ్ళలో ఎర్రటి గుడ్డ ముందు పోతోంది, దాని వెనక అతను. కాస్త వెనకబడితే గుడ్డ బిగిసి చిరగబోతుంది. కాబట్టి వెనకబడటానికి వీల్లేదు.

గట్టు మీద గేదెల్ని తోలుకుపోతున్న ఒకాయన, "వదిలెయ్యండి సార్, కాలవలో పడతారు!" అని అరిచాడు.

నిజమే, వదిలేస్తే సరిపోయేది. పొద్దున్నుంచీ అతను చేయాలనుకున్నదే అది. ఈ షెడ్డు ఎవరిది, ఈ చాందినీ ఎవరిది, తనకేం సంబంధం? ఆ ఆలోచన వచ్చిందేమో కూడా. వస్తే, చేతికి వినపడలేదు. కళ్ళ ముందు ఉన్నది ఒకటే. మామిడి పిందెల అంచు మీద ఖాసింబీ వంగి ఉన్న నడుం.

మైలు దూరాన బట్టలుతికే రేవుంది. అక్కడ సింహాద్రి అనే ఆయన దుప్పట్లు పిండుకుంటున్నాడు. ముందు కాలవలో ఎర్రటి గుడ్డ రావడం చూశాడు. తర్వాత దాని తోకలా గట్టు మీద ఒక మాస్టారు రావడం చూశాడు. ఇంకేమీ అడక్కుండా నీళ్ళలోకి దూకి గుడ్డ ముందు కొస పట్టుకున్నాడు. ఒక రాతికి మెలేసి ఒడుపుగా ఒడ్డుకి తిప్పాడు. రెండు కొసలూ దొరికాక నీటికి దాని మీద పట్టు పోయింది. గుడ్డంతా రేవులోకి వచ్చి, బురదలో మెత్తగా పడుకుంది.

పరాంకుశం దాని పక్కనే కూలబడ్డాడు. చాలాసేపు ఊపిరి తప్ప ఇంకేమీ లేదు.

"ఎక్కణ్ణుంచి పరిగెత్తుకొచ్చారండీ?" అన్నాడు సింహాద్రి, అతని గుప్పిటకు చుట్టుకున్న గుడ్డని విప్పుతూ.

పరాంకుశం ఎడమ చేత్తో ఎగువకు చూపించాడు.

బురద ఆరితే మరక పడుతుందని సింహాద్రి గుడ్డను అక్కడే రెండుసార్లు జాడించాడు. తర్వాత పిండి, మడిచి, సైకిలు వెనక వేశాడు. పరాంకుశం ఉత్త కాళ్ళతో సైకిలు పక్కన నడిచాడు. ఎవరూ తొందర పెట్టలేదు. సగం దారిలో కుంటుకుంటూ ఖాసింబీ ఎదురొచ్చింది.

షెడ్డు చేరేసరికి పొద్దు వాలిపోయింది. గుడ్డను ఇసుక మీద పరిచి, ఖాసింబీ వంగి ఆ కొస నుంచి ఈ కొస దాకా వేలితో తడుముతూ నడిచింది. పరాంకుశం పరీక్ష రాసిన పిల్లాడిలా నిలబడ్డాడు.

"ఇక్కడ నాలుగు వేళ్ళ మేర చిరిగింది" అందామె చివరికి. "అంచు మడిచి కుడితే లోపలికి పోద్ది."

"మిగతాది?"

"మిగతాదానికేం? రంగు రవ్వంత కూడా కదల్లేదు."

ఉస్తాద్ వచ్చి చెక్క బల్ల మీద కూర్చున్నాడు. ఆయన ఏమీ అడగకముందే ఖాసింబీ మొత్తం చెప్పింది. తను జారిపడ్డం, మాస్టారు గట్టెక్కడం, పిల్లకాలవ దూకడం. దూకడం ఆమె చూడలేదు, గేదెలాయన చెప్పాడు. అయినా చూసినట్టే చెప్పింది.

"ఏం పరుగు ఉస్తాదూ! నడిస్తేనే రొప్పే మనిషి. పట్టు గట్టిది కాబట్టే ఆ పరుగు. పట్టు లేనోడైతే గట్టు మీద నిలబడి చూసేవోడు, గుడ్డ ఎటు పోయిందా అని."

పరాంకుశం తలెత్తాడు. "ఏమన్నావు?"

ఖాసింబీ బెదిరింది. "తప్పుగా ఏం అనలేదు మాస్టారూ."

"తప్పని కాదు. ఇంకోసారి అను."

"గట్టిగా పట్టుకున్నారు, అందుకని అంత పరుగూ పరిగెత్తారన్నా. అంతేగా."

పరాంకుశం మెల్లగా ఇసుకలో కూర్చున్నాడు. కాలవ కేసి చూశాడు. చొక్కా జేబులో నోటుబుక్కు తడిసి ముద్దయి ఉంది. దాన్ని తియ్యలేదు.

తర్వాత ఇటు తిరిగాడు. "ఉస్తాద్, ఇలా అవుతుందని మీకు ముందే తెలుసా?"

"లాకులు నేను ఎత్తిస్తానా?" అన్నాడు ఉస్తాద్. "తెలిస్తే ఖాసింబీ నలభై రోజుల కష్టం తీసుకెళ్ళి నీ చేతిలో పెడతానా?"

ఆడవాళ్ళు కొంగులు అడ్డం పెట్టుకుని నవ్వారు. పరాంకుశానికీ నవ్వొచ్చింది. ఆ నెలలో అదే మొదటి నవ్వు.

"పొద్దున ఏదో చెప్పాలన్నావు."

"ఇప్పుడేం లేదు ఉస్తాద్."

దూరాన మసీదులో సాయంత్రం నమాజుకి అజా వినిపించింది, ఉపవాసం విప్పే వేళయింది. ఖాసింబీ మనవరాలు చిన్న పళ్ళెంలో మూడు ఖర్జూరాలూ గ్లాసుతో నీళ్ళూ తెచ్చి ఉస్తాద్ ముందు పెట్టింది. ఆయన ఒక ఖర్జూరం చేతిలోకి తీసుకుని ఆగాడు.

"నువ్వేం తిన్నావు పొద్దుట్నుంచి?"

"ఏం తినలేదు."

"ఆకలి వెయ్యలేదా?"

పరాంకుశం ఆలోచించాడు. మధ్యాహ్నం దాకా బాగానే వేసింది, అది గుర్తుంది. ఆ తర్వాత ఏమైందో ఎంత వెతికినా గుర్తు రాలేదు.

"ఇటు రా."

దగ్గరికి జరిగి చెయ్యి చాపాడు. గుప్పిట మాత్రం తెరుచుకోలేదు. గుడ్డ తీసేసి గంట దాటినా కుడి గుప్పిట అలాగే బిగిసి ఉంది. విప్పుదామని చూశాడు. వేళ్ళు వినలేదు. సిగ్గుపడి వెనక్కి తీసుకోబోయాడు.

ఉస్తాద్ ఖర్జూరాన్ని మళ్ళీ పళ్ళెంలో పెట్టాడు. ఆ గుప్పిటను తన ఒళ్ళోకి తీసుకున్నాడు. గ్లాసులో నీళ్ళు కొద్దిగా దాని మీద పోశాడు. చిటికెన వేలు దగ్గర మొదలుపెట్టి, నిద్రపోతున్న పసిపిల్ల గుప్పిట విప్పినట్టు, ఒక్కొక్క వేలే విప్పాడు. ఒక వేలు మళ్ళీ ముడుచుకుంటే మళ్ళీ విప్పాడు. అజా అయిపోయింది. ఆయన ఉపవాసం ఇంకా విప్పనే లేదు.

చివరికి అరచెయ్యి తెరుచుకుంది. అడ్డంగా ఎర్రటి చార ఉంది. అది రంగు కాదు.

ఉస్తాద్ ఆ చార పక్కన ఒక ఖర్జూరం పెట్టాడు.

"నెమ్మదిగా తిను" అన్నాడు. "లోపల గింజ ఉంటుంది."